సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ నవలలకు మన పాఠకుల ఓటు: నియమాలు ఎలా ఉండాలి?

పానగల్లు పాఠకుడు (నల్లగొండ)

అందరికీ నమస్కారం. తెలుగులో వచ్చే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ నవలలకు మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పాఠకులమే ఓటేసి ఏటా ఒక అవార్డు ఇద్దామని అనుకుంటున్నాం కదా. డబ్బు ఉండదు. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, గెలిచిన నవల మీద గ్రంథాలయంలో ఒక సభ. అంతవరకు అందరికీ సమ్మతమే. నియమాల దగ్గరికి వచ్చేసరికి తలో మాట అంటున్నాం, అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

మనకు అలవాటైన పెద్ద సాహిత్య పురస్కారాలన్నీ న్యాయనిర్ణేతలు ఇచ్చేవే. ఈ మూడు రకాల నవలలకు మాత్రం పాఠకులే ఇచ్చే ఆనవాయితీ బయట చాలా పాతది. హ్యూగో అవార్డు 1953లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. మొదటి నవల ఆల్‌ఫ్రెడ్ బెస్టర్ రాసిన 'ద డిమాలిష్డ్ మ్యాన్'. 1954లో ఇవ్వలేదు, 1955 నుంచి ఏటా ఇస్తున్నారు. 1926లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రిక పెట్టిన హ్యూగో గెర్న్స్‌బ్యాక్ పేరు దానికి పెట్టారు. ఏటా ఒక్కో ఊళ్ళో జరిగే అభిమానుల సభ, వరల్డ్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్, దాన్ని ఇస్తుంది. ఆ సభ్యత్వం తీసుకున్న ఎవరైనా ఓటేయవచ్చు. ముందు నామినేషన్లతో తుది జాబితా తయారవుతుంది, తర్వాత దాని మీద తుది ఓటు. రచయిత, ప్రచురణకర్త, మామూలు పాఠకుడు, అందరిదీ ఒకే ఓటు. ఈమధ్య ఓటు హక్కుకు సరిపోయే సభ్యత్వం దాదాపు 50 డాలర్లు ఉంటోంది.

నా ప్రశ్నలు ఇవి. మనం ఓటుకు రుసుము పెట్టాలా? లెక్క ఎలా చేయాలి? ఏ నవలకు అర్హత ఉంటుంది? అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా రాయండి.

కృష్ణ ఒడ్డు (గద్వాల)

అన్నా, రుసుము వద్దే వద్దు. హారర్ ఎక్కువ చదివేది ఇంటర్, డిగ్రీ పిల్లలు. బస్ పాస్ చూసుకుని నెల గడిపేవాళ్ళను ఓటుకు డబ్బులు కట్టమంటే ఒక్కరూ రారు.

హ్యూగో ఒక్కటే దారి కాదు. అమెరికాలోని అట్లాంటాలో డ్రాగన్ కాన్ అని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అభిమానుల పెద్ద జాతర జరుగుతుంది. వాళ్ళు 2016 నుంచి డ్రాగన్ అవార్డులు ఇస్తున్నారు. ఓటు ఉచితం, పేరు నమోదు చేసుకుంటే చాలు. హారర్ నవలకు విడిగా విభాగం ఉంది, సైన్స్ ఫిక్షన్‌కు వేరు, ఫాంటసీకి వేరు. పాఠకుల వెబ్‌సైట్ గుడ్‌రీడ్స్ 2009 నుంచి ఉచితంగానే ఓటు పెడుతోంది. అక్కడ ఓట్లు లక్షల్లో పడతాయి. లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక 1971 నుంచి పాఠకుల పోల్ నడుపుతోంది, అందులోనూ ఎవరైనా ఓటేయవచ్చు. ఇన్ని ఉండగా మనం డబ్బులు అడగడం ఎందుకు?

ఇంకో మాట. హ్యూగోలో హారర్‌కు ప్రత్యేక విభాగమే లేదు, అన్నీ ఒకే నవలా విభాగంలో పోటీపడాలి. మన దగ్గర మాత్రం హారర్‌కు చోటు విడిగా ఉండాలి. నాకు ఇది చాలా ముఖ్యం.

దేవరకొండ రిటైర్డ్ టీచర్

మీ ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంది. నా భయం కూడా చెప్తాను.

రెండేళ్ళ కింద ఒక ఆన్‌లైన్ కథల పోటీలో పాఠకుల ఓటు పెట్టారు. ఫలితం ఎలా వచ్చిందో దగ్గరుండి చూశాను. లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పెళ్ళి గ్రూపు, కాలనీ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, ఒక్కటీ వదల్లేదు. "సార్, మా బావమరిది కథ, కాస్త నొక్కండి" అని నాకే నాలుగు వైపుల నుంచి మెసేజ్‌లు వచ్చాయి. కథ చదవమని ఒక్కరూ అనలేదు. గెలిచిన కథకు వందల ఓట్లు పడ్డాయి, దాని కింద కథ గురించి రాసిన వ్యాఖ్య ఒక్కటీ లేదు. నిజంగా మంచి కథ రాసిన ఒక అమ్మాయి ఆ తర్వాత రాయడమే మానేసింది. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

న్యాయనిర్ణేతలు ముగ్గురుంటే ఆ ముగ్గురైనా పుస్తకం చదువుతారు. సైన్స్ ఫిక్షన్‌లోనూ అలాంటివి ఉన్నాయని విన్నాను. పాఠకుల ఓటు అంటే బంధుబలం లెక్క కాకూడదు. దీనికి మీ దగ్గర జవాబు ఉంటే నేను మీ వెంటే ఉంటాను.

మిర్యాలగూడ లెక్కలు

సార్, న్యాయనిర్ణేతల అవార్డులు ఉన్నాయి, నిజమే. బ్రిటన్‌లో ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు అలాంటిదే. 1987లో మొదటిసారి మార్గరెట్ ఎట్‌వుడ్ నవలకు ఇచ్చారు. రచయితల సంఘాలు ఇచ్చేవి వేరే. నెబ్యులాకు ఓటేసేది రచయితలు. హారర్‌కు ఇచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డు హారర్ రచయితల సంఘానిది. ఇవన్నీ గౌరవం ఉన్నవే. పాఠకుడు ఏం ప్రేమించాడో మాత్రం అవి చెప్పవు.

మీరన్న బంధుబలం సమస్య రుసుము పెడితే పోతుందని ఎవరికైనా అనిపించవచ్చు. పోదు. 2024లో గ్లాస్గో కన్వెన్షన్ వాళ్ళకు హ్యూగో ఓట్లు 3,813 వచ్చాయి. వాటిలో 377 ఓట్లను దొంగ ఓట్లని తేల్చి పక్కన పెట్టారు. పదింట ఒకటి! సభ్యత్వం డబ్బులు కట్టి మరీ వేసిన ఓట్లు అవి. ఇంటిపేరు ఒకటే, మొదటి అక్షరం మాత్రం మారుతూ వచ్చిన పేర్లు కొన్ని. అంకెలను వరసగా అక్షరాల్లో రాసి పేర్లుగా పెట్టినవి ఇంకొన్ని. అవన్నీ ఒకే ఫైనలిస్టును గెలిపించేలా పడ్డాయి. ఆ ఫైనలిస్టుకు ఈ సంగతి తెలుసనడానికి ఆధారం లేదని చెప్పి, పేరు బయటపెట్టలేదు. ఆ ఓట్లు తీసేశాకే లెక్కించారు.

అంటే డబ్బులున్నవాడు దొంగ ఓట్లు కూడా కొనగలడు. వచ్చిన ప్రతి ఓటునూ ఒక మనిషి కూర్చుని చూడాలి. వందా రెండొందల ఓట్లకు అది పెద్ద పని కాదు. నేను రోజూ చూసే బిల్లులు అంతకంటే ఎక్కువే.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, కాబట్టి లెక్క గురించి రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

దేవరకొండ సార్, మీరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసి ఉంటారు. 2021లో నల్లగొండ, ఖమ్మం, వరంగల్ స్థానానికి 71 మంది నిలబడ్డారు. దినపత్రికంత బ్యాలెట్ ఇచ్చారు. పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యం వేశారు. లెక్కింపు రోజుల తరబడి సాగింది. చివరున్నవాళ్ళను ఒక్కొక్కరినే ఎలిమినేట్ చేస్తూ, వాళ్ళ రెండో ప్రాధాన్య ఓట్లను మిగతావాళ్ళకు కలుపుతూ పోయారు. హ్యూగో తుది ఓటు కూడా ఇదే పద్ధతి. మన జిల్లాల పట్టభద్రులకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

దీని ఉపయోగం చిన్న లెక్కలో చూడండి. 30 ఓట్లు పడ్డాయనుకుందాం. మొదటి నవలకు 12, రెండోదానికి 10, మూడోదానికి 8. మామూలు ఓటైతే 12 వచ్చినది గెలుస్తుంది. ఆ 12 మందీ రచయిత బంధువులే కావచ్చు, మిగతా 18 మందికి ఆ నవల అసలు నచ్చకపోయి ఉండవచ్చు. ప్రాధాన్య ఓటులో మూడో నవలను తీసేసి, ఆ 8 మంది రెండో ఎంపిక చూస్తాం. ఏడుగురు రెండో నవలకు వేశారు, ఒకరు మొదటిదానికి. ఇప్పుడు 13, 17. రెండో నవల గెలుస్తుంది. ఎక్కువమంది చదివి సరేనన్న పుస్తకం పైకి వస్తుంది. ఒక గుంపు మాత్రమే మోసుకొచ్చిన పుస్తకం ఆగిపోతుంది. సార్ అడిగినదానికి నా మొదటి జవాబు ఇది.

రెండో జవాబు: హ్యూగో బ్యాలెట్ మీద "అవార్డు వద్దు" అనే వరస కూడా ఉంటుంది. మన ఎన్నికల్లో 2013 నుంచి నోటా ఉంది. నోటాకు ఎన్ని ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలుస్తారు. హ్యూగోలో అలా కాదు. "అవార్డు వద్దు" గెలిస్తే ఆ ఏడు ఆ విభాగంలో అవార్డు నిజంగానే ఇవ్వరు. 2015లో ఇది ఎంత బలమైన ఆయుధమో తేలింది. స్యాడ్ పప్పీస్, ర్యాబిడ్ పప్పీస్ అనే రెండు వర్గాలు ముందే జాబితాలు తయారుచేసి, తమవాళ్ళందరితో అవే పేర్లు నామినేట్ చేయించాయి. కొన్ని విభాగాల్లో తుది జాబితా మొత్తం వాళ్ళ పేర్లే. అప్పుడు 5,950 మంది ఓటేశారు. ఏకంగా అయిదు విభాగాల్లో "అవార్డు వద్దు" గెలిచింది.

అదే ఏడాది నవల విభాగం సంగతి నాకు మరీ ఇష్టం. ఆ జాబితాల్లో తన పేరు ఉండడం నచ్చక మార్కో క్లూస్ అనే రచయిత తన నవలను వెనక్కి తీసుకున్నారు. ఖాళీ అయిన ఆ చోటులోకి 'ద త్రీ బాడీ ప్రాబ్లమ్' వచ్చింది. లియు త్సిషిన్ చైనీస్‌లో రాస్తే కెన్ లియు ఇంగ్లీషు చేసిన నవల. చివరికి అదే గెలిచింది. ఒక అనువాద నవలకు హ్యూగో రావడం అదే మొదటిసారి. ఒక రచయిత తన లాభం వదులుకున్నాడు, పాఠకులు చదివి ఓటేశారు. పాఠకుల అవార్డు మీద నా నమ్మకం అక్కడ గట్టిపడింది.

నల్లమల స్టూడెంట్ (నాగర్‌కర్నూల్)

మేడం, తుది ఓటు సంగతి అర్థమైంది. నామినేషన్ల దగ్గరే గుంపు కట్టేస్తే ఎలా? అక్కడ 1, 2, 3 వేయరు కదా?

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

మంచి ప్రశ్న తమ్ముడూ. 2015 తర్వాత వాళ్ళకూ ఇదే ప్రశ్న వచ్చింది. 2017 నుంచి నామినేషన్ల లెక్క మార్చారు.

ఒక్కో ఓటరు అయిదు పుస్తకాల దాకా రాయవచ్చు. ఎన్ని రాసినా ఆ మనిషికి ఉన్నది ఒకే పాయింటు, అది ఆ పుస్తకాలకు సమానంగా పంచబడుతుంది. అన్నిటికంటే తక్కువ పాయింట్లున్న రెండు పుస్తకాలను పోల్చి, వాటిలో తక్కువమంది రాసినదాన్ని తీసేస్తారు. తీసేసిన పుస్తకం తాలూకు పాయింట్లు ఆ ఓటరు రాసిన మిగతా పుస్తకాలకు వెళ్తాయి. ఆరు మిగిలేదాకా ఇలా సాగుతుంది.

20 మంది కూడబలుక్కుని అవే అయిదు పుస్తకాలు రాశారనుకో. పాత పద్ధతిలో ఒక్కోదానికి 20 నామినేషన్లు, జాబితా అంతా వాళ్ళదే. ఇప్పుడు ఒక్కోదానికి మొదట 4 పాయింట్లే వస్తాయి. విడివిడిగా ఎనిమిది మంది మెచ్చిన పుస్తకానికి, వాళ్ళు రాసిన మిగతావి తొలగిపోతున్న కొద్దీ 8 పాయింట్ల దాకా చేరవచ్చు. గుంపు పుస్తకాలు వాటిలో అవే పోటీపడి ఒకటో రెండో మిగులుతాయి. గుంపుకూ చోటు దొరుకుతుంది, జాబితా మొత్తం మాత్రం దక్కదు. వాళ్ళూ పాఠకులే కాబట్టి నాకు ఇది న్యాయంగా అనిపిస్తుంది.

మనకు నామినేషన్లు తక్కువే వస్తాయి. ఎక్సెల్ షీటులో ఒక సాయంత్రం పని.

సూర్యాపేట సీరియల్

నేను ఫోన్‌లో, ప్రతిలిపి యాప్‌లో సీరియళ్ళు రాస్తాను. ఎక్కువగా హారర్, అప్పుడప్పుడు జానపద ఫాంటసీ. ఈ చర్చలో అందరూ "పుస్తకం, పుస్తకం" అంటుంటే ఒక మాట అడగాలనిపించింది. అచ్చు కాకపోతే నవల కాదా? ఇవాళ తెలుగులో దయ్యాల కథలు, మాయాలోకాల కథలు ఎక్కువగా పుడుతున్నది ఫోన్‌లోనే. రాసేవాళ్ళలో చాలామంది ఇంట్లో పనులన్నీ అయ్యాక రాత్రి కూర్చుని రాసే ఆడవాళ్ళు. అచ్చు వేయించుకోవడానికి మా దగ్గర డబ్బులుండవు.

హ్యూగో నియమాల్లో దీనికి దారి ఉందని చదివాను. భాగాలుగా వచ్చిన రచనను చివరి భాగం వచ్చిన ఏడాదికి లెక్కిస్తారు. ఆన్‌లైన్‌లో వచ్చినా అర్హత ఉంటుంది. మనమూ అదే పెట్టుకుందాం. సీరియల్ పూర్తయి ఉండాలి, అంతే.

నిడివి గురించి కూడా. వాళ్ళకు నవల అంటే 40,000 పదాలు పైబడాలి. ఇంగ్లీషులో నాలుగు పదాలు పట్టేది తెలుగులో రెండు పదాల్లో అయిపోతుంది. ఆ అంకె తెచ్చి ఇక్కడ పెడితే మంచి నవలలు సగం బయటే ఉండిపోతాయి. 25,000 చాలు.

కృష్ణ ఒడ్డు (గద్వాల)

అక్కా, నూటికి నూరుపాళ్ళు సమ్మతం. మా కాలేజీలో అచ్చు పుస్తకం చదివేవాళ్ళు ఒకరిద్దరు, ఫోన్‌లో చదివేవాళ్ళు క్లాసు మొత్తం.

దేవరకొండ రిటైర్డ్ టీచర్

అమ్మా, సీరియల్ నవల కాదని నేనెలా అంటాను? నా చదువంతా సీరియళ్ళతోనే సాగింది. 'తులసిదళం' కూడా ముందు వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందే. మా ఇంట్లో అక్కయ్య ప్రతి వారం పత్రికలో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో దారం కుట్టి పెట్టేది. పేజీ వెనక సబ్బు ప్రకటనో, వంటల శీర్షికో ఉండేది. అట్టకు పాత క్యాలెండర్ కాగితం. ఆ కుట్టు పుస్తకాలు వీధిలో ఇంటింటికీ తిరిగేవి. తిరిగి వచ్చేసరికి అంచుల మీద ఎవరెవరివో రాతలు ఉండేవి. "ఇక్కడి నుంచి రాత్రి చదవకండి" అని ఒకరు, "ఈ వారం ఏమీ లేదు, సాగదీశాడు" అని ఇంకొకరు. ఎవరు రాశారో తెలియదు, చదివి రాశారని మాత్రం తెలుస్తుంది.

మిర్యాలగూడ లెక్కలు గారు, పిల్లలమర్రి మేడం చెప్పినవి రెండుసార్లు చదివాను. ప్రాధాన్య ఓటు, "అవార్డు వద్దు" ఉంటే బంధుబలం చాలావరకు ఆగుతుంది. న్యాయనిర్ణేతలు కావాలన్న పట్టు వదిలేస్తున్నాను. బదులుగా ఒకటి కోరుతున్నాను. ఓటు కాగితంలో, తాను మొదటి ప్రాధాన్యం ఇచ్చిన నవల గురించి ఓటరు రెండు మూడు వాక్యాలు రాయాలి. ఏ పాత్ర నచ్చింది, ఎక్కడ భయం వేసింది, ఏదైనా సరే. ఆ వాక్యాలన్నీ పోగుచేసి సభలో రచయిత చేతికి ఇద్దాం. శాలువా కంటే రచయితకు అదే ఎక్కువ.

మన ప్రాంతానికి ఇలాంటి పని కొత్త కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయనది ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. ఆయన వాదనకు దిగలేదు, ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి అచ్చేశారు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఎక్కడుంది అని అడిగేవాళ్ళకు మన నామినేషన్ల జాబితా కూడా అలాంటి జవాబు కావాలి. గెలిచిన ఒక్క పేరే కాకుండా, పాఠకులు తలుచుకున్న ప్రతి పేరూ బయటికి రావాలి.

మిర్యాలగూడ లెక్కలు

సార్ చివరి మాట పట్టుకుని నా అసలు పట్టుదల చెప్తాను. లెక్క మొత్తం బయటపెట్టాలి. మిగతా ఏ నియమం విషయంలోనైనా సర్దుకుంటాను, దీంట్లో సర్దుకోను.

2023లో హ్యూగో చైనాలోని చెంగ్డూలో జరిగింది. అక్టోబరులో అవార్డులు ఇచ్చేశారు. పూర్తి లెక్కలు 2024 జనవరి 20న గాని రాలేదు. వచ్చాక చూస్తే, ఆర్.ఎఫ్. కువాంగ్ నవల 'బేబెల్' పక్కన "అర్హత లేదు" అని ఉంది. కారణం రాయలేదు. ఆ ఏడాది నెబ్యులా గెలిచిన నవల అది, లోకస్ ఫాంటసీ అవార్డు కూడా గెలిచింది. షిరాన్ జే జావో అనే రచయిత పేరు పక్కన కూడా అదే మాట. తర్వాత బయటికొచ్చిన ఈమెయిళ్ళలో, నిర్వాహకులు రచయితల రాజకీయ అభిప్రాయాల గురించి సమాచారం పోగేసుకున్నట్టు తేలింది. 1953 నుంచి సంపాదించుకున్న పేరుకు దెబ్బ తగిలింది. మరుసటి ఏడు గ్లాస్గో వాళ్ళు దొంగ ఓట్ల సంగతి ఫలితాలకు ముందే బహిరంగంగా చెప్పారంటే, ఆ దెబ్బ నుంచి కోలుకోవాలనే.

ఇక్కడ గమనించండి. చెంగ్డూ సంగతి బయటపడిందే లెక్కలు ప్రచురించాలన్న నియమం ఉండబట్టి. కన్వెన్షన్ అయ్యాక 90 రోజుల్లోగా అంకెలు ఇచ్చి తీరాలి. ఆ నియమమే లేకపోతే 'బేబెల్' ఎందుకు జాబితాలో లేదో పాఠకులకు ఎప్పటికీ తెలిసేది కాదు.

లోకస్‌లో 2008లో ఇంకో రకం గొడవ జరిగింది. ఓట్లు పడ్డాక, చందాదారుల ఓటును రెండుగా లెక్కిస్తామన్నారు. చందాదారులకు ఎక్కువ విలువ ఇవ్వాలా వద్దా అన్నది వేరే సంగతి. ఆట మొదలయ్యాక నియమం మార్చడం తప్పు. మనం ఏది అనుకున్నా నామినేషన్లకు ముందే రాసి, గ్రంథాలయం నోటీసు బోర్డు మీద అంటించాలి. ఫలితాల రోజునే ప్రతి రౌండు అంకెలూ అక్కడే పెట్టాలి. ఏ పుస్తకాన్నైనా తీసేస్తే కారణం ఒక వాక్యంలో పక్కనే రాయాలి.

పానగల్లు పాఠకుడు (నల్లగొండ)

దీనికి ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటున్నాను. రాసుకుంటున్నాను.

హారర్‌కు విడిగా విభాగం సంగతి తేలలేదు. నాకు ఒకే విభాగం నయమనిపిస్తుంది. ఏడాదికి తెలుగులో ఈ మూడు రకాలూ కలిపినా మన దృష్టికి వచ్చేవి కొద్ది. మూడు ముక్కలు చేస్తే ఒక్కో విభాగంలో పోటీయే ఉండదు. పైగా చాలా నవలలను ఏ గదిలోనూ పెట్టలేం. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో స్తంభం నీడ పగలంతా కదలకుండా పడుతుంది. దాని మీద ఎవరైనా నవల రాస్తే, నీడ ఎలా పడుతుందో వెలుతురు, స్తంభాల అమరిక లెక్కలతో చెప్తే సైన్స్ ఫిక్షన్. శిల్పికి శాపం ఉందంటే ఫాంటసీ. ఒక రోజు ఆ నీడ కదిలిందంటే హారర్. అదే గుడి, అదే నీడ. రచయిత ఒకే నవలలో మూడూ చేయవచ్చు కూడా.

కృష్ణ ఒడ్డు (గద్వాల)

అన్నా, ఆ మూడోది రాస్తే మొదటి ఓటు నాదే. అయినా నా మాట మీదే ఉంటాను. ఒకే విభాగం పెడితే హారర్ ఎప్పుడూ ఓడిపోతుంది. "దయ్యాల కథకు అవార్డేంటి" అనే పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ. లోకస్, డ్రాగన్, గుడ్‌రీడ్స్ హారర్‌ను వేరుగా ఉంచాయంటే కారణం ఉంది. భయపెట్టడం ఒక విద్య. దాన్ని అంతరిక్షం కథ పక్కన పెట్టి తూచితే రెండిటికీ అన్యాయమే.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్)

మధ్యేమార్గం ఒకటి చెప్తాను. నామినేషన్ కాగితంలో రకం రాయమందాం. హారర్ అని రాసిన నవలలు అయిదైనా వస్తే ఆ ఏడాది విభాగం విడిగా పెడదాం, లేకపోతే కలిపేద్దాం. ఈ అంకె కూడా ముందే నోటీసులో ఉండాలి. ఏడాది పరిమితి కూడా కొంచెం సడలిద్దాం. హ్యూగో కిందటి క్యాలెండరు ఏడాది రచనలనే తీసుకుంటుంది. మనం మూడేళ్ళు తీసుకుందాం, ఒకసారి గెలిచినది మళ్ళీ రాకూడదు.

నల్లమల స్టూడెంట్ (నాగర్‌కర్నూల్)

అన్నీ బాగున్నాయి మేడం, పుస్తకాలు మాకు దొరకాలి కదా? అచ్చంపేటలో, అమ్రాబాద్‌లో తెలుగు నవలల షాపు ఎక్కడుంది? హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వెళ్ళినవాళ్ళు తెస్తేనే చూస్తాం. చదవకుండా ఓటేయొద్దంటే, మా వైపు వాళ్ళు ఓటేయకూడదని చెప్పినట్టే అవుతుంది. హ్యూగోకు ఓటేసేవాళ్ళకు తుది జాబితా రచనలు ఈబుక్‌లుగా పంపిస్తారట, ప్రచురణకర్తలు ఒప్పుకున్నవి. మనకూ అలాంటిది ఏదైనా కావాలి.

పానగల్లు పాఠకుడు (నల్లగొండ)

తమ్ముడూ, అన్నిటికంటే పనికొచ్చే మాట నువ్వు చెప్పావు. తుది జాబితా ఆరు నవలలు అనుకుందాం. ఒక్కోటి నాలుగు ప్రతులు: నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, గద్వాల గ్రంథాలయాల్లో ఒక్కొక్కటి. నామినేషన్లకు, తుది ఓటుకు మధ్య మూడు నెలల గడువు ఇద్దాం. ఫోన్‌లో వచ్చిన సీరియళ్ళ లింకులు అదే నోటీసులో పెడదాం. ప్రతుల ఖర్చుకే డబ్బులు అవసరం పడతాయి. ఓటుకు డబ్బులు వద్దు, ఇవ్వగలిగినవాళ్ళు చందా ఇస్తారు. చందా ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకే ఓటు. గద్వాల తమ్ముడూ, ఇది నీకు సరేనా?

కృష్ణ ఒడ్డు (గద్వాల)

సరే అన్నా. గద్వాల ప్రతులు నేను తెచ్చి గ్రంథాలయంలో ఇస్తాను. పిల్లలతో చదివించే పూచీ కూడా నాదే.

దేవరకొండ రిటైర్డ్ టీచర్

దేవరకొండకు ఒక ప్రతి నా ఖర్చుతో కొంటాను. సభ అయ్యాక శాఖా గ్రంథాలయానికే ఇచ్చేస్తాను.

సూర్యాపేట సీరియల్

ఓట్ల లెక్కింపు కమిటీకి మిర్యాలగూడ అన్న రాసుకున్న పేర్లలో నాదీ ఉంది, దయచేసి తీసేయండి. నా సీరియల్ ఒకటి కిందటి ఏడాది పూర్తయింది, దాన్ని ఎవరైనా నామినేట్ చేయవచ్చు. హ్యూగో నడిపే కమిటీలో ఉన్నవాళ్ళ రచనలకు పోటీలో చోటుండదు. మనమూ అదే పాటించాలి. నాకు లెక్కించడం కంటే పోటీలో ఉండడమే ఇష్టం.

మిర్యాలగూడ లెక్కలు

చెల్లెమ్మా, పేరు తీసేశాను. నీ బదులు పిల్లలమర్రి మేడం ఒప్పుకున్నారు, వాళ్ళింట్లో ఎవరూ రాయరు. నామినేషన్ కాగితం నమూనా రేపు రాత్రికి ఇక్కడ పెడతాను. పేరు, ఊరు, అయిదు గీతలు, ఒక్కో గీత పక్కన రకం రాయడానికి గడి. సార్ చెప్పిన మూడు వాక్యాల చోటు తుది ఓటు కాగితంలో వస్తుంది. అది కొంచెం పెద్దగా ఉంచుతాను, మన వాళ్ళు మూడు వాక్యాలతో ఆపరు.